ఆర్‌ఎస్‌ఐ చెప్పినట్టే కొన్నాను, ఎందుకు నష్టపోయాను?

కర్నూలులోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో గణితం బోధిస్తున్న 34 ఏళ్ల పాఠకుడు మాకు పొడవైన ఉత్తరం రాశారు. పేరు, కళాశాల, తాను కొన్న షేర్ల వివరాలు బయటపెట్టవద్దని కోరారు కనుక సారాంశం మాత్రమే ఇస్తున్నాం. రెండేళ్ల కిందట డీమ్యాట్ ఖాతా తెరిచి, యూట్యూబ్‌లో పాఠాలు చూసి, రోజువారీ చార్టులో ఆర్‌ఎస్‌ఐ (షేరు ధర ఇటీవలి కదలికను 0 నుంచి 100 లోపు అంకెగా చూపే ఇండికేటర్, అంటే సూచిక) 30 కిందికి దిగినప్పుడు కొనడం, 70 దాటగానే అమ్మడం అనే పద్ధతిని ఆయన అలవరచుకున్నారు. లక్ష రూపాయలతో మొదలుపెట్టి కొన్ని నెలల్లో 26 వేలు సంపాదించి, ఆ డబ్బుతో ఇంట్లోకి ఫ్రిజ్ కొన్నారు. ఆ ధైర్యంతో చీటీ పాడి మరో లక్ష తెచ్చారు. అదే సమయంలో కోడుమూరు వైపు పల్లెలో సేద్యం చేసుకునే అన్న, ఉల్లిగడ్డలు అమ్మగా వచ్చిన లక్షన్నరను ఉగాది తరువాత బోరు వేయించడానికి దాచమని ఈయన ఖాతాలో వేయగా, దాన్ని కూడా మార్కెట్లో పెట్టారు. మొత్తం 3.50 లక్షలు నేడు 2.10 లక్షలకు చేరింది. అందులో 1.20 లక్షలు నగదు, 90 వేలు ఒకే షేరులో ఉన్నాయి. ఆ షేరుకు పెట్టిన అసలు 1.60 లక్షలు.

ప్రతి పదింటిలో ఏడు వ్యవహారాలు లాభంతోనే ముగిశాయని, మూడు షేర్లు మాత్రం పడుతున్నకొద్దీ మళ్ళీ మళ్ళీ కొనడం వల్ల 1.70 లక్షలు మింగాయని, ఫ్రిజ్‌కు తీసిన 26 వేలు కాక మిగిలినవన్నీ కలిపి 30 వేల లాభంలోనే ఉన్నాయని ఆయన లెక్క రాసి పంపారు. నష్టం 40 వేలని మాత్రమే భార్యకు చెప్పారు. అంతమాత్రానికే ఆమె “ఉండే దుడ్డన్నా నిలబెట్టుకుందాం, ఇంక చాలు” అంటున్నారట. అన్న సొమ్ము అందులో ఉన్న సంగతి ఆమెకూ తెలియదు, అన్నకూ తెలియదు. ఆయన అడిగినవి నాలుగు ప్రశ్నలు. ఆర్‌ఎస్‌ఐకి ఎంఏసీడీ, స్టోకాస్టిక్ అనే మరో రెండు ఇండికేటర్లను కలిపితే, లేదా 14 రోజుల లెక్కను 9కి మారిస్తే ఫలితం మెరుగవుతుందా? చేతిలో ఉన్న షేరు ఆర్‌ఎస్‌ఐ ఇప్పుడు 34 దగ్గర ఉంది, ఇంకా కొని సగటు ధర తగ్గించుకోవాలా? 15 వేలు కడితే 90 శాతం కచ్చితమైన కాల్స్ (ఏ షేరు ఎప్పుడు కొనాలో, అమ్మాలో చెప్పే సూచనలు) ఇస్తామంటున్న టెలిగ్రామ్ బృందంలో చేరవచ్చా? పోయినది త్వరగా రాబట్టడానికి ఆప్షన్లలోకి (ఒక గడువులోగా నిర్ణీత ధరకు కొనే, అమ్మే హక్కుల వ్యాపారంలోకి) వెళ్ళమంటున్న మిత్రుడి మాట వినవచ్చా?

మాస్టారూ, మీ ఉత్తరంలో రెండు చిక్కులు ఒకదానికొకటి పెనవేసుకుని ఉన్నాయి. ఒకటి ఇండికేటర్‌ది, రెండవది అన్నగారి సొమ్ముది. మీరు మొదటిదాని గురించే ప్రశ్నలన్నీ అడిగారు గనుక అక్కడినుంచే మొదలుపెడతాను. అయితే ఆ జవాబులన్నీ చివరకు రెండవదాని దగ్గరికే చేరతాయని ముందుగానే చెప్పడం న్యాయం.

ఆర్‌ఎస్‌ఐని 1978లో వెల్స్ వైల్డర్ అనే అమెరికన్ ప్రపంచానికి పరిచయం చేశారు. 14 రోజుల లెక్క, 70, 30 గీతలు ఆయన ఇచ్చినవే. మీరు చూసిన పాఠాల్లో దాని సూత్రం రెండంతస్తుల భిన్నంగా కనిపించి ఉంటుంది కానీ, ఒక గణితాధ్యాపకుడు దాన్ని సూక్ష్మీకరిస్తే మిగిలేది చాలా చిన్న విషయం: సగటు పెరుగుదలను, సగటు పెరుగుదల, సగటు తగ్గుదలల మొత్తంతో భాగించి నూటితో గుణించడం. అంటే ఈ మధ్య జరిగిన మొత్తం కదలికలో పైకి జరిగిన కదలిక ఎంత శాతమో చెప్పడమే దాని పని. ఆర్‌ఎస్‌ఐ 30 అంటే కదలికలో 30 శాతం పైకి, 70 శాతం కిందికి జరిగిందని అర్థం. ఆ షేరు చవకగా దొరుకుతోందని గానీ, ఇక పడదని గానీ, కంపెనీ బాగుందని గానీ ఆ సంఖ్యలో ఎక్కడా లేదు. 30 కిందికి దిగిన స్థితికి పెట్టిన ఓవర్‌సోల్డ్ (అతిగా అమ్ముడైనది) అనే పేరు చూసి మనమే ఆ అర్థాలన్నీ దానికి తగిలిస్తాం.

మీరు విస్మయంతో రాసిన ఒక సంగతికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. “నేను కొన్నప్పుడు ఆర్‌ఎస్‌ఐ 27, నెల తరువాత 38కి పెరిగింది, కానీ ధర మాత్రం ఇంకా 12 శాతం కిందికి పోయింది, ఇది ఎలా సాధ్యం?” అని అడిగారు. పతనం ఆగకుండానే దాని వేగం తగ్గి, మధ్యలో కొన్ని రోజులు ధర కాస్త లేస్తే చాలు, ఆర్‌ఎస్‌ఐ పైకి లేస్తుంది. రోజుకు మూడు శాతం పడుతున్న షేరు తరువాత రోజుకు అర శాతం చొప్పున పడుతూ, మధ్యమధ్య కాస్త లేచి పడుతూ ఉంటే, ఇండికేటర్ కోలుకుంటుంది, మీ డబ్బు కోలుకోదు. దీన్నే మీరు బుల్లిష్ డైవర్జెన్స్‌గా (ధర పడుతున్నా ఇండికేటర్ లేస్తోంది కనుక ధర కూడా త్వరలో లేస్తుందన్న సంకేతంగా) భావించి రెండవసారి, మూడవసారి కొన్నారు. డైవర్జెన్స్ అనేది అబద్ధం కాదు. అయితే బలమైన పతనంలో అది ఒకటి తరువాత ఒకటిగా పలుమార్లు కనిపించి, ప్రతిసారీ విఫలమయ్యే అవకాశం ఉంది, ఎప్పుడు నిజమవుతుందో అది జరిగిన తరువాతే తెలుస్తుంది.

ఆర్‌ఎస్‌ఐతో ఏళ్ల తరబడి పనిచేసినవారు గమనించిన మరో విషయం, ధోరణిని బట్టి దాని సంచార పరిధి మారుతుందన్నది. షేరు దృఢంగా పెరుగుతున్న కాలంలో అది సుమారు 40కీ 80కీ మధ్య, పడుతున్న కాలంలో సుమారు 20కీ 60కీ మధ్య తిరుగుతుంది. కాబట్టి పెరిగే షేరును 70 దగ్గర అమ్మేస్తే అసలైన పెరుగుదలను వదులుకున్నట్టే, పడే షేరును 30 దగ్గర కొంటే పతనం మధ్యలో దిగినట్టే. మీ లాభాలన్నీ వెయ్యి, పన్నెండు వందల దగ్గర ఆగిపోవడానికీ, మీ నష్టాలు వేలల్లోకి సాగడానికీ ఈ ఒక్క నియమాన్ని అన్ని కాలాలకూ వాడటమే కారణం. తొలి నెలల్లో మీకు లాభాలు వచ్చింది బహుశా మీ షేర్లు ఒక పరిధిలో ఊగిసలాడిన కాలంలో కావచ్చు. ఊగిసలాటలో ఆర్‌ఎస్‌ఐ చక్కగా పనిచేస్తుంది. ఊగిసలాట ముగిసిందని మాత్రం అది ముందుగా కబురు పంపదు.

మరొక చిన్న విషయం, కానీ మీ విషయంలో చిన్నది కాదు. రోజువారీ చార్టులో ఆర్‌ఎస్‌ఐ ఆ రోజు మార్కెట్ ముగిసే 3.30 దాకా స్థిరపడదు. తరగతికీ తరగతికీ మధ్య పదకొండు గంటలకు ఫోనులో 29 చూసి కొన్నానని రాశారు. ఆ 29 సాయంత్రానికి 34 కావచ్చు, 23 కూడా కావచ్చు. మీ ఉద్యోగ వేళలు, మార్కెట్ వేళలు దాదాపు ఒకటే గనుక, ఎప్పుడైనా ఈ పని చేయదలచుకుంటే సాయంత్రం ఇంటికి వచ్చాక చార్టు చూసి, మరునాటికి జీటీటీ వంటి ముందస్తు ఆర్డరు పెట్టుకోవడమే మీకు వీలైన మార్గం. దానివల్ల కొన్నిసార్లు మరునాడు ధర గ్యాప్‌తో, అంటే ముందురోజు ముగింపుకు దూరంగా తెరుచుకుని అవకాశం చేజారుతుంది. పాఠం మధ్యలో మనసు ఫోను మీదికి పోకుండా ఉండటానికి ఆ మాత్రం మూల్యం ఎక్కువేమీ కాదని నా అభిప్రాయం.

ఇక ఎంఏసీడీ, స్టోకాస్టిక్ కలపడం గురించి. జెరాల్డ్ అపెల్ రూపొందించిన ఎంఏసీడీ 12, 26 రోజుల సగటుల మధ్య తేడాను, ఆ తేడాకు 9 రోజుల సగటును చూపుతుంది. స్టోకాస్టిక్ ఇటీవలి గరిష్ఠ, కనిష్ఠ ధరల మధ్య నేటి ధర ఎక్కడ నిలిచిందో చెబుతుంది. మూడింటికీ ముడిసరుకు ఒకటే, గడిచిన రోజుల ధరలు. ఒకే ఇంట్లోని ముగ్గురు అన్నదమ్ములు వచ్చి ఒకే సాక్ష్యం చెబితే పంచాయతీ పెద్దలు దాన్ని ముగ్గురి సాక్ష్యంగా లెక్కపెట్టరు కదా. మూడూ ఒకేసారి కొనమన్నాయంటే మీ నమ్మకం మూడింతలు అవుతుందే తప్ప, కొత్త సమాచారం అంతగా రాదు. అసలైన వేరే సమాచారం కావాలంటే ధరకు బయట వెతకాలి: ఎంత పరిమాణంలో షేర్లు చేతులు మారాయి, త్రైమాసిక ఫలితాల తేదీ ఎప్పుడు, ప్రమోటర్లు (కంపెనీని నడిపే ప్రధాన వాటాదారులు) షేర్లు తాకట్టు పెట్టారా, మొత్తం రంగమే పడుతోందా, ఈ ఒక్క షేరేనా అన్నవి. మీరు నష్టపోయిన మూడింటిలో రెండు, ఫలితాలు వెలువడిన మరునాడే కూలాయని మీ ఉత్తరంలోనే ఉంది. ఆ తేదీలు ముందుగా ప్రకటించేవే, ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. ధర కదలిక వేగాన్ని కొలిచే ఏ మొమెంటం ఇండికేటర్‌కూ క్యాలెండరు తెలియదు.

14ను 9కి మార్చడం విషయానికొస్తే, రోజులు తగ్గిస్తే సంకేతాలు ఎక్కువ వస్తాయి, తప్పుడువి కూడా ఎక్కువ వస్తాయి. రోజులు పెంచితే సంకేతాలు తగ్గి, వచ్చినవి ఆలస్యంగా వస్తాయి. పాత చార్టు ముందు కూర్చుని 9, 11, 21 అంటూ మార్చి చూస్తే ఏదో ఒక సంఖ్య గతానికి అద్భుతంగా సరిపోతుంది. బిందువులన్నింటి గుండా పోయే బహుపదిని ఎప్పుడూ కనుక్కోవచ్చని మీరే పిల్లలకు చెబుతారు. తరువాతి బిందువు దాని మీద పడుతుందన్న హామీ మాత్రం ఉండదు.

ఇప్పుడు మీరు గర్వంగా రాసిన పదింటిలో ఏడు అనే మాట చూద్దాం. పది వ్యవహారాల్లో ఏడింటికి 1,200 చొప్పున 8,400 లాభం. మిగిలిన మూడింటిలో సగటు నష్టం 2,800 దాటిన క్షణంలో మీరు నష్టంలోకి జారిపోతారు. మీ మూడు పెద్ద షేర్ల సగటు నష్టం 56 వేలకు పైనే. గెలుపు శాతాన్ని 70 నుంచి 80కి పెంచినా ఈ గుంట పూడదు. నష్టాన్ని 2,000 దగ్గర తెంచగలిగితే గెలుపు శాతం 70 కన్నా కొంత తగ్గినా మీరు లాభంలోనే ఉంటారు. అందువల్ల మీ ప్రశ్న ఏ ఇండికేటర్ అన్నది కాక, తప్పని తేలినప్పుడు ఎక్కడ బయటపడాలి అన్నదిగా ఉండవలసింది. కొనేటప్పుడే స్టాప్‌లాస్ ధర రాసుకోవడం, అక్కడికి రాగానే అమ్మడం దీనికి మామూలు జవాబు. దానికీ పరిమితులున్నాయి: ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్ల విభాగంలో) లేని షేర్లకు 5, 10, 20 శాతం వంటి ధరల పట్టీలు ఉంటాయి, లోయర్ సర్క్యూట్‌లో, అంటే ఆ రోజుకు అనుమతించిన కనిష్ఠ ధర దగ్గర చిక్కుకుంటే కొనేవారే ఉండరు గనుక స్టాప్‌లాస్ పెట్టినా అమలు కాదు. చిన్న కంపెనీల షేర్లలో ఈ ఆట వద్దనడానికి ఇదొక కారణం.

ఖర్చుల లెక్క మీ కాగితంలో కనిపించలేదు. కొన్న షేర్లను ఖాతాలోకి తీసుకునే డెలివరీ పద్ధతిలో 50 వేల రూపాయల విలువైన షేర్లు కొని అమ్మితే, రెండువైపులా 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) 100 రూపాయలు, కొనుగోలు మీద స్టాంపు రుసుము 7.50, ఆపైన ఎక్స్ఛేంజీ రుసుములు, జీఎస్‌టీ, అమ్మినప్పుడు షేర్లను డీమ్యాట్ ఖాతాలోంచి తీసినందుకు డీపీ చార్జీ. బ్రోకరేజీ సున్నా అని ప్రకటించే చోటైనా ఇవి తప్పవు. ఏడాదిలోపు అమ్మితే వచ్చే స్వల్పకాలిక లాభం మీద 2024 జూలై 23 నుంచి పన్ను 20 శాతం. పన్నెండు వందల లాభం చేతికి వచ్చేసరికి ఎంతవుతుందో మీరు లెక్కవేసుకోగలరు.

చేతిలో ఉన్న షేరు గురించి మీ ముందు మూడు దారులు ఉన్నాయి. ఇంకా కొనడం మొదటిది. 34 అనే సంఖ్య ఏమి చెబుతుందో ఇంతకుముందే చూశాం. పైగా ఇప్పుడు కొనడానికి మిగిలిన నగదు మీది కాదు, లెక్క ప్రకారం అన్నగారిది. ఈ దారిని నేను సమర్థించలేను. రెండవది, పట్టుకుని ఉండటం. దీనికి ఒక పరీక్ష ఉంది: ఈ షేరు మీ దగ్గర లేదనుకుని, చేతిలో 90 వేలు సొంత నగదు ఉందనుకుని, కంపెనీ లెక్కలు చదివి ఈరోజు దాన్ని కొంటారా? అవును అంటే అది పెట్టుబడిగా మారుతుంది, రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి, ఆర్‌ఎస్‌ఐ చూడటం మానాలి. కేవలం అసలు రాకుండా అమ్మనన్న పంతంతోనే పట్టుకుంటే, వారం రోజుల కోసం కొన్న షేరుకు మీరు గడువు పెంచుకుంటూ పోతున్నట్టే. మూడవది, అమ్మడం. 70 వేల నష్టం కాగితం మీదినుంచి నిజంలోకి వస్తుంది, మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ మొత్తం 2.10 లక్షలు నగదు అవుతుంది, అన్నగారి లక్షన్నర పూర్తిగా పక్కన పెట్టవచ్చు, మీకు 60 వేలు మిగులుతాయి.

రెండవ దారి ఎంచుకుంటే నగదు 1.20 లక్షలే గనుక అన్నగారికి 30 వేలు తక్కువ పడతాయి. చీటీ ముందే పాడుకున్నారు కాబట్టి అటునుంచి ఇక రాదు, పైగా నెలనెలా కట్టవలసి ఉంది. ఆ 30 వేలు ఉగాదిలోగా జీతంలోంచి మిగల్చగలరా లేదా అన్నది మీకు, మీ శ్రీమతికి తెలియాలి. అంటే ఆమెకు చెప్పకుండా ఈ దారిలో అడుగు వేయడమే కుదరదు.

అన్నగారికి చెప్పాలా అన్నది మీరు అడగలేదు కానీ, ఉత్తరంలో మూడు చోట్ల ఆయన ప్రస్తావన వచ్చి మధ్యలో ఆగిపోయింది. డబ్బు పూర్తిగా సర్ది, చెప్పకుండా ఊరుకుంటే గొడవ జరగదు. అయితే వచ్చే పంటకు ఆయన మళ్ళీ మీ ఖాతాలోనే వేస్తారు, అప్పుడు మీ చేయి ఆగుతుందన్న నమ్మకం మీకు ఉందా? డబ్బు సర్దిన తరువాత చెబితే మాట పడవలసి వస్తుంది, కానీ చేతిలో సొమ్ము పెట్టి చెప్పే మాటకు తీవ్రత తక్కువ. బోరు బండి మాట్లాడుకున్నాక సొమ్ము లేదని తెలిస్తే మాత్రం అది అన్నదమ్ముల దగ్గర ఆగదు, వదినగారి దాకా, ఊరి దాకా పోతుంది. నేనైతే ముందు శ్రీమతికి అసలు అంకె, అంటే 1.40 లక్షలు, అన్న సొమ్ము సంగతితో సహా చెప్పి, లక్షన్నరను ట్రేడింగ్ ఖాతాకు సంబంధం లేని బ్యాంకు ఖాతాకు, వీలైతే అన్నగారి పేరుమీదే ఉన్న ఖాతాకు మార్చేయమంటాను. 40 వేలకే అంత నిక్కచ్చిగా మాట్లాడిన మనిషి ఈ విషయంలో మీకు అడ్డంకి కన్నా అండగానే నిలుస్తారని నాకు అనిపిస్తోంది.

టెలిగ్రామ్ బృందం గురించి ఎక్కువ రాయనవసరం లేదు. రుసుము తీసుకుని షేర్లు సూచించేవారు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర పరిశోధన విశ్లేషకులుగానో పెట్టుబడి సలహాదారులుగానో నమోదు కావాలి. వారి నమోదు సంఖ్య ఐఎన్‌హెచ్ లేదా ఐఎన్‌ఏ అక్షరాలతో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు. నమోదైనవారు కూడా ఇంత శాతం లాభమని హామీ ఇవ్వకూడదు. 90 శాతం అని రాసినవారు ఆ పదింటిలో ఒక్కటి ఎంత పోగొడుతుందో రాయలేదని మీరు ఈపాటికి గమనించే ఉంటారు.

ఆప్షన్ల విషయంలో మిత్రుడి మాట వినకండి అని చెప్పే బదులు సెబీ అధ్యయనం చెప్పినది ముందు ఉంచుతాను. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో పాల్గొన్న కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు, సగటు నష్టం మనిషికి సుమారు 2 లక్షలు. ఒకే రోజులో కొని అమ్మే ఇంట్రాడేలో 2022-23లో పదిమందిలో ఏడుగురికి నష్టమే వచ్చింది. మీరు చేసేది డెలివరీ గనుక ఆ అంకెలు మీకు నేరుగా వర్తించవు. కానీ పడుతున్న షేరును వదలలేని అలవాటుతో ఆప్షన్లలోకి వెళితే, అక్కడ గడువు తేదీ ఉంటుంది, ఎదురుచూసేకొద్దీ విలువ కరిగిపోతుంది. ఇక్కడ 90 వేలైనా మిగిలింది, అక్కడ గడువు నాటికి సున్నా మిగిలే వీలుంది.

మిగిలిన 60 వేలతో ఏమి చేయాలన్నది మీ ఇష్టం. ఒక ఏడాది పూర్తిగా ఆపేస్తే నష్టమేమీ లేదు, ఈలోగా చీటీ వాయిదాలు తగ్గుతాయి. కాగితం మీద మాత్రమే వ్యవహారాలు రాసుకుంటే పద్ధతి బలం తెలుస్తుంది, సొంత డబ్బు పడిపోతుంటే మీరు ఎలా ప్రవర్తిస్తారో మాత్రం తెలియదు. నిజంగానే కొనసాగించాలంటే ఒక వ్యవహారంలో పోగొట్టుకునేది మొత్తంలో ఒక శాతం, అంటే 600 రూపాయలు మించకుండా చూడాలి. స్టాప్‌లాస్ 4 శాతం దూరంలో ఉంటే మీరు కొనగలిగేది 15 వేల రూపాయల విలువైన షేర్లు మాత్రమే. ఆర్‌ఎస్‌ఐ 30 కిందికి దిగినప్పుడు కాక, తిరిగి 30 పైన ముగిసిన తరువాత, అదీ ధర 200 రోజుల సగటుకు పైన ఉన్న షేర్లలో మాత్రమే కొనే నియమం పెట్టుకుంటే పతనం మధ్యలో దిగే ప్రమాదం తగ్గుతుంది. దానికి బదులుగా సంకేతాలు బాగా తగ్గిపోతాయి, కొన్ని నెలలు ఏమీ చేయకుండా కూర్చోవలసి వస్తుంది, కొనే ధర కూడా అట్టడుగున దొరకదు. ఇంత చేసి ఏడాదికి 15 శాతం సాధించినా వచ్చేది 9 వేలు, నెలకు 750. మీ కళాశాల నియమాలు ఒప్పుకుంటే ఒక్క విద్యార్థికి సాయంత్రం లెక్కలు చెప్పినా అంతకన్నా ఎక్కువే వస్తుంది. నేర్చుకోవాలన్న ఆసక్తితో చేస్తే చేయండి, ఆదాయం కోసమైతే ఈ మొత్తంతో అది సాధ్యపడదు.

చివరగా పన్ను రిటర్ను. డెలివరీలో వచ్చిన స్వల్పకాలిక మూలధన నష్టాన్ని జీతం మీద తగ్గించుకోవడం కుదరదు గానీ, గడువులోగా రిటర్ను దాఖలు చేస్తే ఎనిమిదేళ్ల వరకు తరువాతి మూలధన లాభాల మీద సర్దుకోవచ్చు. ప్రతి ఏటా జీతగాళ్లు నింపే సహజ్ ఫారం ఇందుకు చెల్లదు, ఐటీఆర్-2 వేయాలి. చేతిలోని షేరును అమ్మాలని నిర్ణయించుకుంటే మార్చి 31లోగా అమ్మినప్పుడే ఆ నష్టం ఈ ఏడాది లెక్కలోకి వస్తుంది. బ్రోకరు ఇచ్చే పన్ను నివేదికను దించుకుని, మీరు పంపిన చేతిరాత లెక్కతో ఒకసారి సరిచూడండి.